తాళమే దొంగకు దారి చూపింది

ఆటను కాపీదొంగల నుంచి కాపాడటానికి పెట్టిన సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి ఆట కొన్నవాడి కంప్యూటర్‌నే దెబ్బతీసింది. అమెరికాలో మొదలై నెల్లూరు తీరం దాకా వచ్చిన ఆ యథార్థ గాథ ఇది.

2007 అక్టోబరు. నెల్లూరు ట్రంకురోడ్డులో డీటీపీ సెంటర్లు పెళ్లిపత్రికల పనిలో ఉన్నాయి. కావలి నెట్ సెంటర్లలో ఇంజినీరింగ్ కుర్రాళ్లు గంటల లెక్కన కూర్చుని హాల్‌టికెట్లు ప్రింట్ తీసుకుంటున్నారు. ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న ఇళ్లలో పిల్లల చదువుకని కొన్న కంప్యూటర్లు పొద్దుగూకేసరికి కార్ల రేసులతో మోగుతున్నాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చి, ఇక్కడ బిగించుకున్న యంత్రాలు వాటిలో చాలానే ఉన్నాయి. ఎవరు బిగించినా, ఎవరు కొన్నా, లోపల నడిచేది మాత్రం దాదాపు అన్నిట్లోనూ విండోస్ ఎక్స్‌పీ.

ఆ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌ తెరిచి, అందులో డ్రైవర్స్ ఫోల్డర్‌లోకి వెళితే సెక్‌డీఆర్‌వీ.సిస్ అనే చిన్న ఫైలు కనిపించేది. దాన్ని ఎవరూ ఎక్కించుకోలేదు. విండోస్‌తోపాటే వచ్చింది. అలాగని అది మైక్రోసాఫ్ట్ సొంత సరుకు కూడా కాదు. మాక్రోవిజన్ అనే అమెరికా కంపెనీది. సినిమా వీడియో క్యాసెట్లను కాపీ కానివ్వని పద్ధతితో పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ, ఆటల సీడీల కోసం సేఫ్‌డిస్క్ అనే రక్షణ అమ్మేది. సీడీని అచ్చు వేసేటప్పుడే మామూలు రైటర్లు సరిగ్గా కాపీ చేయలేని గుర్తులు దాని మీద పెట్టేవారు. ఆట తెరవగానే ఆ గుర్తులు ఉన్నాయో లేవో చూసి, డ్రైవులో ఉన్నది అసలుదో నకలుదో తేల్చాలి. ఆ తనిఖీ కోసం కంప్యూటర్ లోలోపల పనిచేసే భాగమే ఈ ఫైలు. ది సిమ్స్, బ్యాటిల్‌ఫీల్డ్ 1942, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ లాంటి పేరున్న ఆటలు సేఫ్‌డిస్క్‌తో వచ్చాయి. ఆ ఆటలు అడ్డంకి లేకుండా నడవాలని మైక్రోసాఫ్ట్ దాన్ని విండోస్‌లోనే చేర్చి పంపింది.

అంటే పెళ్లిపత్రికలు తప్ప ఇంకేమీ ఎరగని డీటీపీ కంప్యూటర్‌లోనూ ఆటల సీడీల కాపలా ఉందన్నమాట. ఆ కాపలాను దొంగలు అప్పటికే తమ పనికి వాడుకుంటున్నారని ఆ నెలలోనే బయటపడింది.

మాయమైన నోట్‌ప్యాడ్

ఈ కథ అర్థం కావాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

2005. అమెరికాలో మార్క్ రస్సినోవిచ్ అనే ఇంజినీరు తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. విండోస్ లోతుపాతులు ఆయనకు కొట్టినపిండి. కంప్యూటర్‌లో తమ ఉనికి దాచుకునే ప్రోగ్రాములను రూట్‌కిట్లు అంటారు. వాటిని పట్టుకునే పరికరం ఒకటి ఆయన స్వయంగా తయారుచేశాడు. దాన్ని తన యంత్రం మీదే నడిపి చూశాడు. దాగి ఉన్న ఫోల్డర్ ఒకటి, దాగి ఉన్న డ్రైవర్లు కొన్ని, దాగి ఉన్న ప్రోగ్రాము ఒకటి బయటపడ్డాయి. ఏది పడితే అది ఎక్కించుకునే మనిషి కాదాయన. అందుకే నమ్మలేకపోయాడు.

తీగ లాగడం మొదలుపెట్టాడు. దాగిన ఫైళ్లన్నిటి పేర్లూ ఒకే రకంగా మొదలవుతున్నాయి: ముందు డాలర్ గుర్తు, తర్వాత ఎస్‌వైఎస్ అక్షరాలు, మళ్లీ డాలర్ గుర్తు. అనుమానం తీర్చుకోవడానికి నోట్‌ప్యాడ్ ప్రోగ్రామును ఇంకో నకలు తీసి, దాని పేరు ముందు అవే గుర్తులు చేర్చాడు. మరుక్షణం ఆ నకలు తెర మీద నుంచి మాయమైంది. ఆ గుర్తులతో పేరు పెడితే చాలు, ఎవరి ఫైలైనా సరే విండోస్‌కు కనపడకుండా పోతుందని తేలింది.

ఆ డ్రైవర్ల మీద ఫస్ట్ 4 ఇంటర్నెట్ అనే బ్రిటిష్ కంపెనీ పేరుంది. ఆ కంపెనీ సోనీ బీఎంజీ అనే పాటల కంపెనీతో కలిసి పాటల సీడీలకు కాపీ రక్షణ తయారుచేస్తుందని తెలిశాక, తాను ఈమధ్య కొన్న ఒక పాటల సీడీ ఆయనకు గుర్తొచ్చింది. వాన్ జాంట్ సోదరుల ఆల్బమ్ అది. డబ్బు పెట్టి కొన్నాడు. పాటలు వినడానికి సీడీతో వచ్చిన ప్లేయర్ వాడాడు. ఆ ప్లేయర్‌తోపాటే ఇదంతా లోపలికి చేరింది. అందులోని ఒక ప్రోగ్రాము పాటలు వింటున్నా వినకపోయినా ప్రతి రెండు సెకన్లకోసారి కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో తడుముతోంది. తీసేద్దామంటే దానికి దారి ఇవ్వలేదు. ఆయనే చేత్తో డ్రైవర్లు తొలగిస్తే, ఈసారి సీడీ డ్రైవే తెర మీద కనపడకుండా పోయింది. విండోస్ అమరికలన్నీ ఉండే రిజిస్ట్రీలోకి దిగి సరిచేసుకోగలిగాడు కాబట్టి ఆయన బయటపడ్డాడు. మామూలు మనిషయితే ఫార్మాట్ కొట్టించుకోవాల్సిందే.

2005 అక్టోబరు 31న ఆయన ఇదంతా పూసగుచ్చినట్టు రాసి లోకానికి చెప్పాడు. పది రోజులైనా గడిచాయో లేదో, ఆ డాలర్ గుర్తుల చాటున దాక్కునే వైరస్‌లు వచ్చేశాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో మోసం చేసేవాళ్లు కూడా తమ చీటింగ్ ప్రోగ్రాములకు అవే గుర్తులు తగిలించి ఆట కంపెనీ నిఘా కళ్లు కప్పారు. పాటను కాపాడటానికి పెట్టిన ముసుగు ఆటలో దొంగలకు పనికొచ్చింది. సోనీ ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలర్ కూడా కొత్త కన్నం పెడుతోందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ ఫెల్టన్, అలెక్స్ హాల్డర్‌మన్ చూపించారు. నవంబరులోనే కంపెనీ ఆ సీడీలను వెనక్కి పిలిపించింది. 52 ఆల్బమ్‌లలో ఈ సరుకు ఉంది. అప్పటికే ఇరవై లక్షలకు పైగా సీడీలు అమ్ముడయ్యాయి. టెక్సాస్ రాష్ట్రం కోర్టుకెక్కింది. 2007 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, కంప్యూటర్ దెబ్బతిన్న కొనుగోలుదారుకు 150 డాలర్ల దాకా చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది.

పరిశ్రమ మొత్తానికి అది గుణపాఠం కావాల్సింది. కాలేదు.

ఎదురు ప్రశ్న వేయని కాపలా

ఇక 2007 అక్టోబరుకు తిరిగి వద్దాం. సిమాంటెక్ అనే యాంటీవైరస్ కంపెనీ పరిశోధకులకు అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక దాడి దొరికింది. ప్రయోగశాలలో సరదాకి తయారుచేసింది కాదు. బయట దుండగులు నిజంగా వాడుతున్నది. దాని గురి సెక్‌డీఆర్‌వీ.సిస్ మీద.

ఏం జరుగుతుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. కంప్యూటర్‌లో మనం తెరిచే ప్రోగ్రాములన్నీ అద్దెకున్నవాళ్ల లాంటివి. తమ గదిలో తాము ఉండాలి, పక్క గది జోలికి పోకూడదు. ఇంటి తాళాల గుత్తంతా విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ దగ్గర ఉంటుంది. డ్రైవర్ అనేది ఆ కెర్నెల్‌తోపాటు లోపల కూర్చుంటుంది. బయటి ప్రోగ్రాము ఏదైనా పని కావాలంటే డ్రైవర్‌కు ఒక అర్జీ పంపుతుంది. 'ఫలానా చిరునామాలో ఉన్న సమాచారం తీసుకో, ఫలానా చిరునామాలో జవాబు రాయి' అని అందులో ఉంటుంది. ఆ చిరునామా అర్జీదారుదేనా, లేక కెర్నెల్ సొంత గదిదా అని చూసుకోవాల్సింది డ్రైవరే. సెక్‌డీఆర్‌వీ.సిస్ ఆ ఒక్క ప్రశ్నే వేయలేదు. ఏ చిరునామా ఇస్తే అక్కడ రాసేసింది.

దుండగుడికి అంతకన్నా ఏం కావాలి? ఏ అధికారమూ లేని మామూలు యూజర్‌ ఖాతాలో ఒక చిన్న ప్రోగ్రాము నడిపిస్తాడు. అది డ్రైవర్‌కు కెర్నెల్ లోపలి చిరునామా ఇస్తుంది. డ్రైవర్ వెళ్లి అక్కడ రాస్తుంది. అంతటితో ఆ మామూలు ప్రోగ్రాము యంత్రానికంతటికీ యజమాని అయిపోతుంది. ఈ కన్నంలోంచి ఇంటర్నెట్ మీద ఎక్కడో కూర్చున్నవాడు నేరుగా దూకి రాలేడన్నది నిజమే. ముందు ఏదో ఒక ప్రోగ్రాము ఆ కంప్యూటర్‌లో నడవాలి. కానీ రోజుకు పదులమంది పెన్‌డ్రైవులు గుచ్చే నెట్ సెంటర్‌లో, ఏ సీడీ పడితే ఆ సీడీ వేసే ఇంట్లో ఆ మొదటి అడుగు ఎంతసేపు?

మైక్రోసాఫ్ట్ నవంబరు 5న హెచ్చరిక విడుదల చేసింది. విండోస్‌లలో ఎక్స్‌పీకి, సర్వర్ 2003కి ముప్పు ఉందని, విస్టాకు లేదని చెప్పింది. డిసెంబరు 11న ఎంఎస్07-067 అనే పేరుతో మరమ్మతు వచ్చింది. ఆటల సీడీలో నకలును పట్టుకోవడానికి పెట్టిన ఒక ఫైలు కోసం, జీవితంలో ఆట ఆడని ఆఫీసుల సర్వర్లు కూడా అప్‌డేట్ చేసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఆ మరమ్మతు ఎన్ని యంత్రాలకు చేరి ఉంటుంది? అప్పట్లో బిగించిన కంప్యూటర్లలో విండోస్ కూడా నకలుదే వేయడం మామూలు. అప్‌డేట్ తెరిస్తే 'మీ విండోస్ అసలుది కాదు' అని పట్టేస్తుందన్న భయంతో బిగించినవాళ్లే దాన్ని కట్టేసి ఇచ్చేవారు. కాపలా అమ్మిన కంపెనీ తప్పు, విండోస్ కంపెనీ తప్పు, మన తప్పు మూడూ కలిసి ఆ ఫైలును అలాగే ఉంచేశాయి.

కావలి కొట్టులో ఒక సాయంత్రం

ఈ గాథలో నేను కళ్లారా చూసిన ముక్క ఒకటుంది. 2009 ప్రాంతం. కావలిలో నాకు తెలిసిన రిపేరు కొట్టు. బోగోలు వైపు నుంచి ఒక రొయ్యల రైతు, ఇంటర్ చదివే కొడుకు సీపీయూ మోసుకుని వచ్చారు. డీవీడీ డ్రైవ్ నత్తనడక నడుస్తోంది. సినిమా వేస్తే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. మధ్యలో నీలి తెర పడి యంత్రం తనంతట తానే ఆగిపోతోంది.

“ఏంది సామీ ఇట్టయిపోయింది? మొన్నటిదాకా బెమ్మాండంగా ఉండింది. మావోడు మద్రాసు నించి ఆట సీడీ తెచ్చి ఏసినాక మొదలైందీ తంటా.”

“బర్మా బజారు సరుకా మామా?” నకలు సీడీయేమో అన్నట్టు మెకానిక్ అడిగాడు.

కుర్రాడికి రోషం వచ్చింది. “కాదన్నా. అంతకుముందు ఏసినయ్యన్నీ బర్మా బజారువే. ఈసారి డబ్బులు దాచుకోని పెట్టెలో వచ్చేదే కొన్నా. బిల్లు కూడా ఉండాది.”

మెకానిక్ డివైజ్ మేనేజర్ తెరిచాడు. డ్రైవ్ తగిలించిన ఛానల్ మీద నొక్కి చూస్తే, అది పీఐఓ పద్ధతిలోకి దిగిపోయి ఉంది. డీఎంఏ పద్ధతిలో డ్రైవ్ నుంచి సమాచారం నేరుగా మెమరీలోకి పోతుంది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయాలి. చదవడంలో పదేపదే లోపాలు వస్తే ఎక్స్‌పీ తనంతట తానే డీఎంఏ నుంచి పీఐఓకు దిగిపోయేది. తర్వాత తనంతట తాను పైకి ఎక్కేది కాదు.

కుర్రాడు అప్పటికే ఆటను తీసేశాడు. ఆడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో దాని ఊసు లేదు. మెకానిక్ డివైజ్ మేనేజర్‌లో పైనున్న వ్యూ మెనూలోకి వెళ్లి 'దాగిన పరికరాలు చూపించు' అన్నదాన్ని నొక్కాడు. అంతవరకూ కనపడని వరుస ఒకటి తెరుచుకుంది. అందులో ఆటతో వచ్చిన కాపీ రక్షణ డ్రైవర్ నిక్షేపంలా కూర్చుని ఉంది. ఆట పోయింది, దాని కాపలా పోలేదు.

“ఇదిగో తమ్ముడూ, చూడు. నువ్వు ఆటను తీసేసినా ఇది ఈడే ఉండాది. నువ్వు ఆడినా ఆడకున్నా యంత్రం తెరిచినప్పుడల్లా ఇది లేస్తది.”

దాన్ని తొలగించాడు. ఛానల్‌ను తీసేసి యంత్రాన్ని మళ్లీ తెరిచాడు. విండోస్ ఆ ఛానల్‌ను కొత్తగా గుర్తించి డీఎంఏలో పెట్టింది. డ్రైవ్ మామూలుగా తిరిగింది. రైతు మాత్రం ఊరుకోలేదు.

“దొంగ సీడీలు ఏసినన్నాళ్లూ ఏం కాలేదు. కాసులిచ్చి కొన్నాక యంత్రం చెడిందా? ఇదేం నాయం సామీ?”

“అదేలే మామా ఈ లోకంలో జరగతా ఉండేది” అన్నాడు మెకానిక్, రిపేరు డబ్బులు తగ్గించి తీసుకుంటూ.

ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. రైతు అడిగిన ప్రశ్నే ముఖ్యం. ఆ ప్రశ్నకు ఈ పరిశ్రమ ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేదు. ఎందుకంటే నకలు తయారుచేసేవాడు మొట్టమొదట చేసే పని ఆ రక్షణను ఊడబెరకడం. బజారులో దొరికే నకలు సీడీలో ఆట ఉంటుంది, కాపలా ఉండదు. కాపలా మొత్తం బిల్లు కట్టినవాడి ఇంటికే వస్తుంది. నకలు సీడీల్లో వైరస్‌లు వచ్చేమాట నిజమే. అది తెలిసి కొనుక్కునే ప్రమాదం. అసలు సీడీతో వచ్చే ప్రమాదం మాత్రం నమ్మకం మీద దెబ్బ.

మూడుసార్లే ఎక్కించుకో

2008 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్పోర్ అనే ఆట విడుదల చేసింది. జీవకణం నుంచి అంతరిక్షం దాకా ప్రాణిని పెంచుకుంటూ పోయే ఆట. దాంతోపాటు సెక్యూరామ్ అనే కాపీ రక్షణ వచ్చింది. ఇంటర్నెట్ ద్వారా మూడుసార్లే యాక్టివేట్ చేసుకోనిచ్చేది. హార్డ్‌డిస్క్ పాడై విండోస్ మళ్లీ వేయించుకున్నా, కంప్యూటర్ మార్చినా ఆ లెక్క కరుగుతుంది. కొన్నవాళ్లు భగ్గుమన్నారు. అమెజాన్‌లో కొద్ది రోజుల్లోనే రెండువేల మందికి పైగా ఒక్క నక్షత్రం ఇచ్చి నిరసన తెలిపారు. చెప్పకుండా సెక్యూరామ్ ఎక్కించారని కాలిఫోర్నియా కోర్టులో దావా పడింది. కంపెనీ మూడును అయిదు చేసింది. ఇంత కట్టుదిట్టం చేసి సాధించిందేమిటంటే, ఆ ఏడాది టొరెంట్లలో అత్యధికంగా దొంగ డౌన్‌లోడ్ అయిన ఆటగా స్పోర్ పేరే మొదట వచ్చింది.

2010 మార్చిలో యూబీసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. అస్సాసిన్స్ క్రీడ్ 2 ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఉండాలంది. విడుదలైన కొద్ది రోజులకే ఆ కంపెనీ సర్వర్ల మీద దాడి జరిగి అవి పడిపోయాయి. ఆట కొన్నవాళ్లు ఆడుకోలేక చూస్తూ కూర్చున్నారు.

అలాంటి షరతు మన తీరానికి ఎంత బరువో ఆ కంపెనీలకు తెలియదు. మైపాడులో, జువ్వలదిన్నెలో, కోడూరులో వాయుగుండం పట్టిందంటే ముందు కరెంటు పోతుంది, తర్వాత నెట్ పోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం తెగిపోయాయి. అలాంటి రోజుల్లో ఇన్వర్టర్ మీద ఒక గంట ఆట ఆడుకోవడానికి ఎక్కడో ఉన్న సర్వర్‌ అనుమతి కావాలంటే, ఆ కుర్రాడు కొన్నది ఆటా, లేక ఆడుకోవడానికి వాళ్లిచ్చే అనుమతా?

విండోస్ తలుపు మూసిన రోజు

సెక్‌డీఆర్‌వీ.సిస్ కథ 2015లో ముగిసింది. మన తెలుగువాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన ఏడాదిన్నరకు, జులై 29న విండోస్ 10 వచ్చింది. అందులో ఆ ఫైలుకు చోటు లేదు. సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్ విస్టా, 7, 8 విండోస్‌లలోనూ దాన్ని పనిచేయకుండా చేసింది. వ్యవస్థలో అంత లోతుకు దిగే కాపీ రక్షణను ఉండనిస్తే వైరస్‌లకు సందు ఇచ్చినట్టేనని మైక్రోసాఫ్ట్ తీర్మానించింది. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే.

కానీ దాని దెబ్బ కూడా కొన్నవాడి మీదే పడింది. సేఫ్‌డిస్క్ ఉన్న పాత ఆటల సీడీలు కొత్త విండోస్‌లో తెరుచుకోవడం మానేశాయి. సీడీ మీద ఒక్క గీత లేదు, బిల్లు భద్రంగా ఉంది, ఆట మాత్రం నడవదు. కాపలా చచ్చిపోతే ఇల్లు తెరుచుకోని పరిస్థితి. దాన్ని ఆడించాలంటే రక్షణ తీసేసిన ఫైలు ఎక్కడైనా వెతుక్కోవాలి. 2012లో మన కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. తన సొంత ఆట ఆడుకోవడానికి నిజాయితీపరుడు దొంగల వీధిలోకి నడవాల్సి రావడం ఎంత అన్యాయం!

ఒక్క రోజులో వెనక్కి తీసుకున్న అప్‌డేట్

గుణపాఠం నేర్చుకోలేదనడానికి ఇంకో సాక్ష్యం 2016లో దొరికింది. సెప్టెంబరు 22న స్ట్రీట్ ఫైటర్ 5 ఆటకు క్యాప్‌కామ్ కంపెనీ ఒక అప్‌డేట్ పంపింది. ఆటలోని డబ్బును అడ్డదారిలో పోగేసేవాళ్లను ఆపడం కోసమని అందులో క్యాప్‌కామ్.సిస్ అనే డ్రైవర్ పెట్టింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎస్‌ఎంఈపీ అనే రక్షణ ఉంటుంది. బయటి ప్రోగ్రాము రాసిన కోడ్‌ను కెర్నెల్ అధికారంతో నడవనివ్వకపోవడం దాని పని. ఈ కొత్త డ్రైవర్ అడిగినవాడి కోసం ఆ రక్షణను ఆపేసి, వాడిచ్చిన కోడ్‌ను కెర్నెల్ అధికారంతో నడిపి, తర్వాత రక్షణను మళ్లీ పెట్టేది. అడిగింది ఆటేనా, ఇంకెవరైనానా అని చూసేది కాదు. ఆటగాళ్లు వెంటనే పట్టేశారు. మర్నాడే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది.

అయితే బాణం ఒకసారి విల్లు వదిలాక ఆగదు. అసలైన డిజిటల్ సంతకం ఉన్న ఆ ఫైలును దుండగులు దాచుకున్నారు. స్ట్రీట్ ఫైటర్ పేరు కూడా వినని వాళ్ల కంప్యూటర్లలోకి దాన్ని తామే మోసుకెళ్లి, అక్కడ కెర్నెల్ తలుపు తీయడానికి వాడుకోవచ్చు. చివరికి మైక్రోసాఫ్ట్ ప్రమాదకర డ్రైవర్ల జాబితాలో దాన్ని చేర్చాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో ట్రెండ్ మైక్రో సంస్థ ఇలాంటిదే ఇంకోటి బయటపెట్టింది. గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో మోసాన్ని ఆపడానికి ఉన్న డ్రైవర్‌ను ఒక రాన్సమ్‌వేర్ ముఠా వాడుకుని, యాంటీవైరస్‌ను పడగొట్టి, ఫైళ్లకు తాళం వేసింది. ఆ కంప్యూటర్లలో ఆట ఉండాల్సిన పని కూడా లేదు. డ్రైవర్ ఫైలు ఒక్కటి చాలు.

2007లో సెక్‌డీఆర్‌వీ.సిస్ చేసిన తప్పు, 2016లో క్యాప్‌కామ్.సిస్ చేసిన తప్పు, 2022లో బయటపడ్డ తప్పు మూడింటికీ మూలం ఒకటే. ఆట భద్రతకు అవసరమైనదానికన్నా ఎక్కువ అధికారం తీసుకున్నారు. తీసుకున్నాక దాన్ని జాగ్రత్తగా వాడలేదు.

కొన్నవాడి మాట కూడా వినాలి

ఆటల కంపెనీల బాధ అబద్ధం కాదు. ఏళ్ల తరబడి వందలమంది పనిచేసి తయారుచేసిన ఆటను విడుదల రోజే ఎవడో నకలు తీసి పంచితే కడుపు మండుతుంది. మన పిల్లలు కూడా రేపు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆటలు రాసే ఉద్యోగాల్లో చేరతారు. వాళ్ల కష్టానికి ఖరీదు దక్కాలి. నకలు కొనడం తప్పేనని మన ఇళ్లలో పిల్లలకు చెప్పాలి. కాపీ రక్షణ అసలు ఉండకూడదని నేను అనను. అది ఆట వరకే ఉండాలి. ఆట తీసేస్తే తానూ పోవాలి. కెర్నెల్ గడప దాటకూడదు. ఏం ఎక్కిస్తుందో కొనకముందే చెప్పాలి. కంపెనీ మూతపడినా, సర్వర్ ఆపేసినా కొన్నవాడి ఆట నడిచే ఏర్పాటు ఉండాలి. ఈ చివరి కోరికతో ఐరోపాలో ఆటగాళ్లు నడిపిన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమానికి 2025లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

అసలు రక్షణే లేకుండా అమ్మి వ్యాపారం చేయవచ్చని జీఓజీ అనే అంగడి 2008 నుంచి రుజువు చేస్తూనే ఉంది. స్టీమ్ అనే ఇంకో ఆటల అంగడి కూడా ఇప్పుడు ఆట పేజీలోనే బయటి కాపీ రక్షణ ఏదైనా ఉంటే రాస్తుంది. కెర్నెల్‌లో కూర్చుని మోసాన్ని ఆపే యాంటీచీట్ ఉంటే ఆ సంగతి చెప్పి తీరాలని 2024లో నియమం పెట్టింది. కొనకముందు ఆ రెండు పంక్తులు చదవండి. కంప్యూటర్‌లో విండోస్ సెక్యూరిటీ తెరిచి, డివైజ్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ, ప్రమాదకర డ్రైవర్ల నిరోధక జాబితా రెండూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. వాటిని ఆపేస్తే తప్ప నడవనని ఏ ఆటైనా అంటే, ఆ ఆటను వదిలేయండి. బ్యాంకు లావాదేవీలు, రొయ్యల లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్న యంత్రం మీదే అలాంటి ఆటలు ఎక్కించకండి. అప్‌డేట్లు ఆపకండి.

డబ్బిచ్చి కొన్న వస్తువు ఇంట్లోని ఇంకో వస్తువును పాడుచేస్తే ఊరుకోవాల్సిన పని లేదు. కొనే సరుకు గురించి తెలుసుకునే హక్కు మనకుందని 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. బిల్లు, తెర మీద వచ్చిన లోపం ఫొటో దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. సోనీ సీడీలను వెనక్కి రప్పించింది, స్ట్రీట్ ఫైటర్ అప్‌డేట్‌ను ఒక్క రోజులో తీయించింది కొన్నవాళ్ల గొంతే. నెల్లూరు తీరం నుంచి కూడా ఆ గొంతు వినపడాలి.